కొట్టం నీరు పైరుకు: తక్కువ ఖర్చుతో శుద్ధి చేసి వాడే పద్ధతులు

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో విత్తుకు ముందు పొలంలో గొర్రెల మంద వేయించడం పాత అలవాటు. రెండు మూడు రాత్రులు మంద పడుకున్న మేర పైరు వేరుగా కనిపిస్తుంది. అందుకే కాపరికి డబ్బో గింజలో ఇచ్చి మరీ మంద వేయిస్తాం. ఆ బలం పెంటికల వల్ల మాత్రమే రాదు, నేలలో ఇంకిన మూత్రం వల్ల కూడా వస్తుంది. ఈ సంగతి రైతుకు తెలుసు. అయినా ఇంటి దగ్గర నాలుగు పశువులుంటే వాటి మూత్రం, కొట్టం కడిగిన నీరు చాలాచోట్ల వీధి కాలువలోకో, కొట్టం వెనుక గుంతలోకో పోతుంటాయి. గొర్రెల మూత్రానికి డబ్బు పెట్టి, సొంత పశువుల మూత్రాన్ని వదులుకుంటున్నాం.

ఈ నీటిని చిన్న రైతు తక్కువ ఖర్చుతో ఎలా శుద్ధి చేసుకోవచ్చో, ఏ పైరుకు ఎంత వాడాలో, ఎక్కడ వాడకూడదో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందు లెక్క చూసుకోండి

ఒక ఆవు లేదా ఎద్దు రోజుకు సుమారు 6 నుంచి 10 లీటర్ల మూత్రం పోస్తుంది. మూత్రంలో నత్రజని ఒక శాతం వరకు ఉంటుంది. పచ్చి పేడలో ఉండేది 0.3 నుంచి 0.4 శాతమే. పశువు విసర్జించే పొటాష్‌లోనూ ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. భాస్వరం మాత్రం పేడలో ఉంటుంది.

నాలుగు పశువులున్న ఇంటిని తీసుకుందాం. తలకు 8 లీటర్ల చొప్పున రోజుకు 32 లీటర్ల మూత్రం. పగలు మేతకు పోయినప్పుడు బయట పడేది తీసేస్తే కొట్టంలో 16 లీటర్లు దొరుకుతుంది. ఏడాదికి దాదాపు 5,800 లీటర్లు. నత్రజని 0.8 శాతమే అనుకున్నా 46 కిలోలు. ఇందులో సగం గాలిలో కలిసిపోయినా 23 కిలోలు మిగులుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. అంటే ఏటా ఒక బస్తాకు పైగా యూరియా, దానితోపాటు పొటాష్ మీ కొట్టంలోంచి కాలువలోకి పోతున్నాయి.

యూరియా బస్తా సబ్సిడీ ధర 266 రూపాయల 50 పైసలు, ఇంత చిన్న మొత్తానికి ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. నీరు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. కొట్టం వెనుక గుంతలో రోజూ ఇంకే మూత్రంలోని నత్రజని నైట్రేటుగా మారి భూగర్భజలంలోకి దిగుతుంది. మన ప్రాంతంలో ఎర్రనేల లోతు తక్కువ, కింద పగుళ్లున్న రాయి. ఆ పగుళ్ల గుండా నీరు త్వరగా బోరులోకి చేరుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణాల సంస్థ పరిమితి పెట్టింది. మించితే ముఖ్యంగా ఆరు నెలల లోపు పసిబిడ్డలకు ప్రమాదం. నీటిని కాచినా నైట్రేటు పోదు. వీటికి తోడు ఈగలు, దోమలు, పశువుల గిట్టల కుళ్లు, పొదుగువాపు. కొట్టం నీటిని దారిలో పెట్టడం వల్ల వచ్చే అసలు లాభం ఇక్కడ ఉంది.

ఇది నీరుగా కాదు, ఎరువుగా లెక్కించాల్సినది

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నాలుగు పశువుల కొట్టం నుంచి మూత్రం, కడిగిన నీరు కలిపి రోజుకు 150 లీటర్లు వస్తుందనుకోండి. వేసవిలో గడ్డికి చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు కావాలి. ఆ లెక్కన 150 లీటర్లు 30 చదరపు మీటర్లకు, అంటే ముప్పావు సెంటుకు సరిపోతాయి.

ఇప్పుడు ఎరువు లెక్క చూడండి. అందులో ఏటా 23 కిలోల నత్రజని ఉంది. నీటి వసతి కింద కోతలిచ్చే నేపియర్ గడ్డికి ఎకరాకు ఏటా 120 కిలోల నత్రజని లెక్క వేసుకుంటే, ఈ 23 కిలోలు దాదాపు 20 సెంట్లకు సరిపోతాయి.

నీరుగా చూస్తే ముప్పావు సెంటు, ఎరువుగా చూస్తే 20 సెంట్లు. కాలువ చివర నాలుగు గడ్డి దుబ్బులో, రెండు అరటి చెట్లో పెట్టి ఏడాది పొడవునా అక్కడికే వదిలితే పైరుకు అవసరమైన దానికి ఇరవై రెట్లకు పైగా నత్రజని అక్కడే పడుతుంది. నేల ఉప్పు పట్టి బిగుస్తుంది, ఆకు అంచులు మాడతాయి, మిగిలిన నత్రజని కిందికి దిగి బోరును చెడగొడుతుంది. కాబట్టి ఈ నీటిని రోజుకో మడికి మార్చుతూ పారించాలి. కింద చెప్పే పద్ధతులన్నిటికీ ఇదే పునాది.

మొదటి పని: నీరు తగ్గించడం

శుద్ధి ఖర్చు నీటి పరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ముందు నీరు తగ్గించండి.

పేడను ముందుగా పారతో ఎత్తి దిబ్బకు వేయండి. తర్వాత మొండి చీపురుతో నేల ఊడ్చి, చివరగా కొద్ది నీటితో కడగండి. పేడ మీదే పైపు పెట్టి కడిగితే నీరు రెండింతలు అవుతుంది, పేడ అంతా తొట్టిలో చేరి పూడుకుపోతుంది.

కొట్టం కప్పు మీది వాన నీరు ఈ కాలువలో కలవకూడదు. మన దగ్గర సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. 200 చదరపు అడుగుల రేకుల కప్పు మీద పడే వానలో ఐదింట నాలుగు వంతులు పట్టుకున్నా ఏడాదికి 8,000 లీటర్ల శుభ్రమైన నీరు. కప్పు అంచుకు గాడి రేకు కట్టి వేరే డ్రమ్ముకు మళ్లించండి. అలా చేయకపోతే ఒక్క పెద్ద వానకు తొట్టి పొంగి మురుగంతా వీధిన పడుతుంది.

మీ పరిస్థితికి తగిన పద్ధతి

1. మట్టి నేల, రెండు మూడు పశువులు: పరుపు పద్ధతి

కాలువ, తొట్టి ఏవీ అక్కరలేదు. పశువులు నిలబడే చోట ఎండిన ఎర్రమట్టి లేదా చెరువు మట్టి 3, 4 అంగుళాల మందాన పరవండి. పైన వేరుశనగ పొట్టు, పశువులు వదిలిన చొప్ప ముక్కలు, కంది పొట్టు ఏది ఉంటే అది చల్లండి. మూత్రాన్ని ఇవి పీల్చుకుంటాయి. తడిసిన పొట్టును రోజూ తీసి దిబ్బకు వేసి కొత్తది చల్లండి. మట్టిని పది పదిహేను రోజులకొకసారి ఎత్తి దిబ్బ మీద పొరగా వేయండి. మన తాతల నాటి పద్ధతే ఇది. దీని ఖర్చు కూలి మాత్రమే. బోరు లేని మెట్ట రైతుకు ఇంతకంటే మంచి దారి లేదు.

2. బండల నేల ఉంది, బోరు లేదు: దిబ్బ గుంతకు మళ్లించడం

మన ప్రాంతంలో దిబ్బలు కుళ్లవు, ఎండిపోతాయి. తీసి చూస్తే లోపల పేడ పిడకలాగే ఉంటుంది. దాన్ని తోలితే పొలంలో చెదలు, కలుపు విత్తనాలు పెరుగుతాయి. కుళ్లడానికి తేమ కావాలి. కొట్టం నీటికి ఇది సరైన చోటు.

మూడడుగులకు మించని లోతున గుంత తీసి, అడుగున బంకమట్టి తొక్కించి గట్టిపరచండి. చెట్టు నీడ గానీ కొబ్బరి మట్టల పందిరి గానీ ఉండాలి. పేడ, చెత్త పొరలు పొరలుగా వేస్తూ ప్రతి పొర మీద కొట్టం నీరు చల్లండి. పిడికిట పట్టి పిండితే చుక్కలు కారకుండా చెయ్యి తడి అయితే తేమ సరిపోయినట్లు. అంతకు మించి పోస్తే కుళ్లు వాసన వస్తుంది, సారం కిందికి పోతుంది. పైన మట్టితో కప్పండి. ఇలా మాగిన ఎరువు వేరుశనగ, కంది విత్తడానికి ముందు ఆఖరి దుక్కిలో వేసుకోవచ్చు.

3. నాలుగు నుంచి పది పశువులు, బోరు కింద గడ్డి ఉంది: రెండు తొట్ల పద్ధతి

నేల: తాడిపత్రి బండలు పాలిష్ లేనివి వాడండి. నున్నటి బండ మీద పశువు జారి కాలు విరుగుతుంది. సందులు సిమెంటుతో పూడ్చండి. పది అడుగుల పొడవుకు మూడు అంగుళాల వాలు ఉంటే మూత్రం నిలవదు. వాలు చివర అడుగు వెడల్పు, మూడు నాలుగు అంగుళాల లోతు గల కాలువ చాలు. ఉపాధి హామీ నిధులతో గోకులం షెడ్డు కట్టుకున్నవారికి నేల ఇప్పటికే ఉంటుంది, వాలు సరిగా ఉందో లేదో నీరు పోసి చూసుకోండి.

జల్లెడ: కాలువ తొట్టిలో కలిసే చోట అర అంగుళం కన్నాల ఇనుప జల్లెడ నిలబెట్టండి. చొప్ప ముక్కలు, పేడ ఉండలు అక్కడ ఆగుతాయి. రోజూ తీసి దిబ్బకు వేయాలి.

తొట్లు: మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గల సిమెంటు రింగు ఒకదానిలో 200 లీటర్లు పడుతుంది. మూడేసి రింగులతో పక్కపక్కనే రెండు తొట్లు దించండి. అడుగున కాంక్రీటు వేసి, రింగుల అతుకులు సిమెంటుతో పూడ్చండి. అతుకు కారితే అంతా భూమిలోకే పోతుంది. మొదటి తొట్టి నుంచి రెండో దానికి పైపు పెట్టేటప్పుడు లోపలి వైపు ‘టీ’ బిగించి, దాని కింది కొమ్ము నీటి మట్టానికి అడుగు లోతున ఉండేలా చూడండి. అప్పుడు పైన తేలే తెట్టు, అడుగున చేరే మడ్డి రెండూ మొదటి తొట్టిలోనే ఉండిపోతాయి. రెండు తొట్లలో కలిపి వెయ్యి లీటర్లు నిలుస్తాయి. రోజుకు 150 లీటర్లు వస్తే నీరు దాదాపు ఆరు రోజులు లోపల ఉండి తేరుకుంటుంది. పశువులు ఎక్కువైతే ఆ లెక్కనే రింగులు పెంచండి.

తొట్లను మూతతో కప్పి ఉంచండి. మూత లేకపోతే నత్రజని ఆవిరైపోతుంది, దోమలు గుడ్లు పెడతాయి, పిల్లలు, దూడలు పడే ప్రమాదం ఉంది.

పారించడం: 20 సెంట్ల గడ్డిని సెంటు చొప్పున 20 మళ్లుగా చేసుకోండి. రోజూ ఒక మడికి బోరు నీరు కట్టేటప్పుడు ఆ రోజు తొట్టి నీటిని కాలువలో కలపండి. ఒక వంతు తొట్టి నీటికి కనీసం నాలుగైదు వంతుల బోరు నీరు ఉండాలి. మళ్లీ అదే మడికి 20 రోజుల తర్వాతే వంతు వస్తుంది. విడిగా పట్టిన అచ్చమైన మూత్రమైతే పది వంతుల నీరు కలపాలి.

4. డ్రిప్పుకు వాడాలనుకునేవారికి: మొక్కల తొట్టి

తేరిన నీరు కూడా డ్రిప్పు కన్నాలను పూడ్చేస్తుంది. దానికి మూడో మెట్టు కావాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మురుగునీటిని మొక్కల వేర్ల గుండా పంపి శుద్ధి చేసే తొట్లను పరిశీలించి, వ్యవసాయానికి వాడే పద్ధతిగా గ్రామాలకు తీసుకువెళ్లారు. అదే సూత్రం కొట్టానికీ పనికొస్తుంది.

15 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గుంత తీసి మందపాటి సిల్పాలిన్ పట్టా పరవండి. నీరు వచ్చే చివర పెద్ద రాళ్లు, మిగతా అంతా 20 మిల్లీమీటర్ల కంకర నింపండి. ట్రాక్టరు లోడుకు కాస్త పైన పడుతుంది. బయటికి పోయే పైపును అడుగు నుంచి తీసి, వంపుతో పైకి లేపి, నీటి మట్టం కంకరకు మూడు అంగుళాల కింద ఉండేలా పెట్టండి. నీరు పైకి కనిపించదు కాబట్టి దోమలు రావు. అడుగు దూరంలో మెట్ట తామర లేదా జమ్ము పిలకలు నాటండి. మొదటి నెల బోరు నీరు ఎక్కువగా కలిపి పంపాలి. అచ్చమైన కొట్టం నీరు పంపితే లేత పిలకలు మాడిపోతాయి. ఆ తర్వాత కూడా సగానికి సగం పలుచన చేసి పంపితేనే తొట్టి పూడుకోకుండా చాలాకాలం పనిచేస్తుంది.

దీని తర్వాత కూడా డ్రిప్పుకు ఫిల్టరు తప్పనిసరి. ప్రతిసారీ చివర పదిహేను నిమిషాలు బోరు నీరు వదిలి పైపులు కడగండి. ఇంకో సంగతి, మొక్కల తొట్టి మడ్డిని, వాసనను, కొంత నత్రజనిని తగ్గిస్తుంది కానీ నీటిలో కరిగిన ఉప్పును తీయదు. మీ బోరు నీరే ఉప్పగా ఉంటే ఈ నీరు డ్రిప్పుకు వద్దు, దిబ్బకు వాడుకోండి.

గోబర్ గ్యాస్ ఉంటే

రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీరు కావాలి. ఆ నీటిలో సగం కొట్టం నీరు వాడండి. పూర్తిగా మూత్రమే కలిపితే అమ్మోనియా ఎక్కువై గ్యాస్ తగ్గుతుంది. బయటికి వచ్చే స్లర్రీలో కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు తగ్గి ఉంటాయి. దాన్ని దిబ్బ గుంతకు గానీ, సమాన నీటితో కలిపి గడ్డి మళ్లకు గానీ పారించుకోవచ్చు. ప్రకృతి వ్యవసాయం చేసేవారు కడగకముందే కొంత మూత్రం విడిగా పట్టుకుని ద్రవ జీవామృతానికి వాడుకోండి.

ఏ పైరుకు ఎలా?

నేపియర్, పారా గడ్డి: అన్నిటికంటే అనుకూలం. కోసిన రెండు మూడు రోజులకు పారించండి. తర్వాత కనీసం మూడు వారాలు ఆగి కోయండి. కోసిన గడ్డిని ఒక పూట ఎండలో వాడబెట్టి మేపడం మంచిది.

జొన్న: బెట్టకు వచ్చిన లేత జొన్నకు పారించవద్దు. బెట్టలో ఉన్న పైరులో నైట్రేటు, విషపదార్థం రెండూ పెరిగి పశువు ప్రాణానికే ముప్పు తెస్తాయి.

చీనీ: ఉప్పును తట్టుకోలేని చెట్టు ఇది. బాగా పలుచన చేసి నెలకొకసారి మించకుండా ఇవ్వండి. మొదలుకు తగలకుండా రెండు రింగుల పద్ధతిలో బయటి రింగులోనే పారించండి. మొదలు తడిస్తే బంక తెగులు వస్తుంది.

మల్బరీ: కొమ్మ కత్తిరించిన వెంటనే నేలకు మాత్రమే ఇవ్వండి. ఆకు మీద పడిన చిలుకు పట్టు పురుగులకు జబ్బు తెస్తుంది.

కూరగాయలు: కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, కీర, టమాటా వంటి పచ్చిగా తినేవాటికి, నేలను తాకేవాటికి వాడకూడదు.

చౌడు నేలలు: వీటికి అసలే వద్దు.

జాగ్రత్తలు

• తాగునీటి బోరుకు, బావికి తొట్లు కనీసం 50 అడుగుల దూరంలో, పల్లపు వైపున ఉండాలి. రాతి నేలల్లో 100 అడుగులు ఉంటే మేలు.

• ఫినాయిల్, బ్లీచింగ్ వాడిన రోజు, పిడుదుల మందు కొట్టిన రోజు కడిగిన నీటిని తొట్టిలోకి వదలవద్దు. పైరుకు హాని, మడ్డిని మాగించే సూక్ష్మజీవులు చనిపోతాయి.

• ఈసుకుపోయిన పశువు మాయ, పిండం, ఆ చోటు కడిగిన నీరు తొట్టిలో కలపవద్దు. లోతుగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. పశువైద్యుడికి తెలపండి. పశు అంబులెన్సు నంబరు 1962.

• మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వంటి జ్వరాలు మనుషులకు సోకుతాయి. కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు వేసుకోండి. పుండ్లు, కోతలు ఉంటే ఈ పని ఇంకొకరికి అప్పగించండి.

• మడ్డి తీయడానికి తొట్టిలోకి ఎవరూ దిగకూడదు. మూసిన తొట్టిలో చేరే విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండోవారు కూడా పోతారు. రెండు మూడు నెలలకొకసారి బయట నిలబడి, పొడవాటి కర్రకు కట్టిన బకెట్టుతోనే తీసి దిబ్బకు వేయండి.

• వాన పడుతున్నప్పుడు, నేల తడిగా ఉన్నప్పుడు పారించవద్దు. ఆ రోజుల్లో నీటిని కప్పు ఉన్న దిబ్బకు మళ్లించండి.

సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండో తొట్టి నీరు పలుచని టీ రంగులో ఉండి, గ్లాసులో పోసి గంట ఉంచితే అడుగున మడ్డి దాదాపు చేరకపోతే తేరుకున్నట్లు. నల్లగా ఉండి కుళ్లిన గుడ్ల వాసన వస్తే మొదటి తొట్టి మడ్డితో నిండింది, తీయాలి. గడ్డి ఆకుల కొనలు మాడితే నీరు చిక్కగా ఉంది, పలుచన పెంచాలి. ఆకు మరీ ముదురు పచ్చగా మారి కాండం మెత్తబడి పడిపోతుంటే నత్రజని ఎక్కువైంది, మళ్లు పెంచి వంతు దూరం చేయాలి. మడి మీద తెల్లటి పొర కనిపిస్తే ఆపేసి మట్టి పరీక్ష చేయించండి.

పారించడం మొదలుపెట్టక ముందు ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి మట్టి, బోరు నీరు రెండూ పరీక్ష చేయించండి. నీటిలో ఉప్పు శాతంతో పాటు నైట్రేటు కూడా చూడమని అడగండి. మీ గ్రామ రైతు సేవా కేంద్రంలో గానీ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ సలహా తీసుకోవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ ఒకేసారి కట్టనక్కరలేదు. ఈ వారం రెండు పనులు చేయండి. పేడ ఎత్తి, ఊడ్చి, ఆ తర్వాతే కడగడం అలవాటు చేసుకోండి. కొట్టం నీరు ఇప్పుడు ఏ చోట ఇంకుతోందో, అక్కడి నుంచి మీ తాగునీటి బోరు ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలిచి చూడండి. 50 అడుగుల లోపు ఉంటే ఆ గుంతను ఇవాళే పూడ్చి, నీటిని దిబ్బకు మళ్లించండి. వానాకాలానికి ముందు నేల వాలు, కప్పు గాడి సరిచేసుకోండి. బోరు కింద గడ్డి ఉన్నవారు ఆ తర్వాత రింగులు దించుకోవచ్చు. డ్రిప్పు తొట్టి సంగతి ఒక ఏడాది ఈ నీటిని మళ్లకు పారించి, దాని గుణం మీకు తెలిశాక ఆలోచించండి.